ఇరవై బారల గరుసు

“అయిదు బండ్లు చాలతాయంటావా?” అని మా బావ పోలేరయ్య అడిగాడు. తెలుసుకోవాలని అడిగింది కాదది. ఊరి పెద్దల ముందు మా ఆయన నోరు కట్టెయ్యాలని అడిగింది.

“చాలతాయి,” అన్నాడు మా ఆయన.

“చాలకపోతే?”

“చాలకపోతే వల తీసుకో.”

ఆ మాట కోసం మా బావ మూడేళ్ళుగా కాచుకొని ఉన్నాడు.

మాది మైపాడుకు ఉత్తరాన సముద్రపు ఒడ్డు పల్లె. అప్పటికి నైలాను వలలు మా వైపు రాలేదు. అంతకు మూడేళ్ళ ముందు ఒకనాడు తెప్పను ఒడ్డుకు తెస్తుంటే అల దాన్ని తిరగేసింది. దుంగ మా ఆయన ముత్యాలయ్య నడుము మీద పడింది. ప్రాణం దక్కింది గాని నడుము కింద కదలిక పోయింది. అప్పటినుంచి ఆయన్ను మోసేది వాళ్ళ అన్న, మా బావే. రోజూ తెల్లవారుజామున వచ్చి, మా గుమ్మం ముందు అటు తిరిగి గొంతుకూర్చుని, రెండు చేతులూ వెనక్కి చాపేవాడు. నేను ఆయన్ను ఆ వీపు మీదికి ఎక్కించేదాన్ని. సరుగుడు తోపుకు, అక్కడినుంచి దొరువు దగ్గర స్నానానికి, మళ్ళీ ఇంటికి.

మోసినన్నాళ్ళూ మోత ఊరికే సాగలేదు.

“వలను అటక మీద ఎలకలకు పెట్టుకున్నావు. నాకిస్తే అది సముద్రం మొకం చూస్తాది, నీకూ చేపల్లో పాలొస్తాది గదరా.”

“నా కాళ్ళు పోయినాయి గాని నా వల పోలేదన్నా.”

“అయితే నీ వలనే మోసుకపొమ్మను.”

అంత మాటా అని, ఒక్కోరోజు తమ్ముణ్ణి నడిమధ్య ఇసుకలో దించేసి, దూరంగా కూర్చుని చుట్ట ముట్టించేవాడు. చుట్ట అయిపోయేదాకా మా ఆయన ఎండలో అట్లాగే ఉండేవాడు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నేనొక్కదాన్నే ఎత్తలేను. వెళ్ళి పక్కన నిలబడితే ఆయనకు ఇంకా చిన్నతనం.

అది నెత్తళ్ళ వల. చిటికెన వేలు కూడా దూరని సన్నకన్ను. మా పెళ్ళికి ముందు ఆయన తన చేతులతో అల్లుకున్నది. వానలు వెలిసినప్పుడల్లా దాన్ని దించి, నూలు చివకకుండా తుమ్మచెక్క కాచిన నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ అటకెక్కించేదాన్ని. మానేస్తే, ఇక ఆయన సముద్రం మీదికి పోడని నేనే తేల్చేసినట్టవుతుందని నా భయం.

ఇళ్ళు రెండైనా మా అందరికీ పొయ్యి ఒకటే, అయినా మా తోడికోడలు చెంచమ్మ ఇవేవీ చూసేది కాదు. “మీ అమ్మగారింటికి తోలుకపోరాదా మొగుణ్ణి? మా ఆయన వీపేమన్నా ఎద్దు వీపా?” అనేది. విడవలూరులో మా అన్నకు కబురు పెట్టాను. నన్నొక్కదాన్నే రమ్మన్నాడు. మా అక్కను పులికాటు వైపు ఇచ్చినప్పుడు కూడా పడవ ఎక్కించి, నాలుగు రోజుల్లో వస్తుందిలే అన్నారు. ఆమె మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఎవరు మూట కడుతున్నా నాకు ఆ పడవే కనపడుతుంది.

ఆ ఏడే మా పల్లె అంచుదాకా కంకర రోడ్డు వేశారు. మా గుమ్మానికీ ఆ రోడ్డుకూ మధ్య ఉన్నది ఇసుక, ఇరవై బారలు. రెండు చేతులూ చాపితే ఎంతో అది బార. మా వాళ్ళకు తాడైనా నీటి లోతైనా బారల్లోనే లెక్క. ఒక వడ్రంగి చేత మా ఆయన నాలుగు కర్ర చక్రాల పలక చేయించుకున్నాడు. దాని మీద కూర్చుని చేతులతో తోసుకుంటూ పోవచ్చు. గట్టి నేల మీద అది పరిగెత్తింది. ఇసుకలో దించగానే ఇరుసుదాకా కూరుకుపోయింది. గుమ్మంనుంచి రోడ్డుదాకా రాళ్ళమట్టి గరుసు పోసుకుంటే మాత్రం, ఆయన ఎవరి వీపూ ఎక్కకుండా తోపుకు పోగలడు. బస్సు ఆగే పాక దగ్గర వలలు బాగుచేసేవాళ్ళతో కూర్చోగలడు. ఆయనకు కావలసింది అంతే.

కాని ఆ ఇసుక ఊరందరిది. వలలు ఆరేసుకునే చోటు. అక్కడ రాయి పడితే నూలు తెగుతుంది. అందుకని రాయి పొయ్యకూడదని మా ఊరి కట్టు. మా పల్లెకు పెద్ద అయిన పెద్దకాపు కామాక్షయ్య దగ్గర పంచాయితీ పెడితే ఒక్కరూ మా వైపు మాట్లాడలేదు.

“వాడికి దారని మన వలలు కోసుకుంటామా?”

“ఈరోజు దారంటాడు, రేపు మేడంటాడు.”

“నా వలలో ఒక్క రాయి దొరికిందా, ఆ రాయితోనే కొడతా,” అంది చెంచమ్మ.

చివరికి పెద్దకాపు తేల్చాడు. వెడల్పు మేమడిగిన రెండు మూరలే, అంతకు ఒక్క వేలు కూడా దాటకూడదు. బండ్లు గంగమ్మ కొలుపు రోజునే ఇసుకలోకి దిగాలి. ఆ ఒక్కరోజే వలలన్నీ చుట్టి అమ్మవారి దగ్గర పెడతారు గనుక ఇసుక ఖాళీగా ఉంటుంది. పొద్దు గూకేలోగా పోసినంతే దారి. మర్నాడు బండి చక్రం దిగితే విరగ్గొడతారు. అప్పుడే మా బావ, “దారి రోడ్డుదాకా పోతే వల ఊసెత్తను. పోకపోతే వల నాది. నువ్వు నా వీపు మీదే,” అన్నాడు. మా ఆయన ఒప్పుకున్నాడు. ఇక ఎన్ని బండ్లు అన్న ఒక్క లెక్క మీద మా బతుకు నిలబడింది.

ఆ లెక్క ఆయన ఊరికే చెప్పింది కాదు. పంచాయితీకి ముందురోజు ఇంట్లోనే కట్టాడు.

“నాగులూ, నేల మీద బొగ్గుతో గీత గియ్యి. పొడుగు బార, వెడల్పు రెండు మూరలు.”

గీశాను. బయటినుంచి తడి ఇసుక చేపల గంపతో తెచ్చి ఆ గీతల మధ్య పోశాను. ఆయన చాప మీదనుంచి వంగి అరచేత్తో చదును చేశాడు. నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించి మందం చూశాడు. “ఇంకొంచెం పొయ్యి. చాలు. నాలుగుంబావు గంపలు.”

అంతలో చెంచమ్మ గుమ్మంలోకి తొంగిచూసింది. “బయట ఉండేది ఇసకే గదా, ఇంట్లోకి మోస్తావేందే? పిచ్చి నీకా, నీ మొగుడికా?”

“ఇద్దరికీ అక్కా,” అన్నాను.

“అట్టనే కనపడతా ఉండాది,” అని పోయింది.

“బారకు నాలుగుంబావు. ఇరవై బారలకు ఎనభై అయిదు,” అన్నాడు మా ఆయన. “ఎండుచేపల హజరత్తయ్య బండికి పద్దెనిమిది గంపలు పడతాయి. అయిదు బండ్లు. ఇంకా అయిదు గంపలు మిగులుతాయి, గుమ్మం ముందర చల్లుకుందాం.” అని నవ్వాడు. ఆయన నవ్వి చాలా కాలమైంది. నవ్వు చూస్తే నాకు భయం వేసింది.

“ఆరు బండ్లు చెప్పరాదా?”

“ఎండుచేపలు అయిదు బండ్లకే ఉండాయి. ఆరు చెప్తే మా అన్న నవ్వుతాడు, లెక్క తెలీలేదని.”

“నవ్వనీ.”

“ఇంకెన్ని నవ్వులు మొయ్యమంటావే?”

హజరత్తయ్య మెట్ట ఊరి రైతు. ఎండుచేపల కోసం ఖాళీ బండ్లు తోలుకొని వచ్చేవాడు. ఖాళీగా రాకుండా ఎర్ర గరుసు నింపుకొని వస్తే, మా చేపలిస్తామని మాట్లాడుకున్నాం. “మా ఊళ్ళో అయితే నాలుగు బండ్లే ఎక్కువ,” అన్నాడు అతను. ఆ మాటతో నా భయం కొంచెం తగ్గింది. తగ్గకుండా ఉండాల్సింది.

గంగమ్మ కొలుపు రోజు పొద్దునే అయిదు బండ్లు రోడ్డు మీద వచ్చి నిలబడ్డాయి. అమ్మవారి దగ్గర డప్పులు మోగుతున్నాయి. వలలన్నీ పసుపు పూసి గుట్ట పెట్టారు. మా వల ఒక్కటే ఇంట్లో ఉంది. సముద్రం మీదికి పోని వలకు పసుపెందుకని చెంచమ్మ వద్దన్నది.

ఇంటి వైపునుంచి మొదలుపెట్టాం. మొదటి బండి గుమ్మం ముందు కుమ్మరించారు. బండివాళ్ళు పారలతో పరిచారు. ఎర్రగా, తెల్లటి ఇసుక మీద కొత్త చీర పరిచినట్టు ఉంది. నేను నీళ్ళు చల్లాను. హజరత్తయ్య దిమ్మిస తీసుకొని కొట్టడం మొదలుపెట్టాడు.

కొట్టినకొద్దీ ఎరుపు తగ్గింది. నాలుగు దెబ్బలకు రాళ్ళు కిందికి దిగిపోయాయి. పక్కలనుంచి తెల్లటి ఇసుక పైకి వచ్చింది. ఇంకా పోశారు. ఇంకా కొట్టారు. పలకను దించి చూస్తే చక్రాలు మళ్ళీ కూరుకున్నాయి.

“ఏంది తల్లీ, మీ నేల మింగతా ఉండాది!” అన్నాడు హజరత్తయ్య, చెమట తుడుచుకుంటూ.

రెండో బండి కూడా కుమ్మరించారు. అదీ అయిపోయేసరికి దారి నాలుగు బారలు దాటలేదు. గుమ్మంలో కూర్చున్న మా ఆయన వంగి, ఇసుకలోకి చెయ్యి గుచ్చాడు. మణికట్టుదాకా పోయింది. చెయ్యి అక్కడే ఉంచుకొని అన్నాడు: “ఇంట్లో కొలిచినానే. పేడ అలికిన నేల మీద.”

ఈ ఇసుకలోనే పుట్టాడు. ఇందులోనే పాకాడు. తెప్ప లాగినప్పుడల్లా ఇదే ఇసుకలో మోకాళ్ళదాకా దిగబడ్డాడు. ఇసుక మెత్తనని ఆయనకు ఒకరు చెప్పాలా? కాని మూడేళ్ళుగా ఆయన కాలు పెట్టిందెక్కడ? ఆయనకు నేలంటే మా ఇంటి నేలే అయిపోయింది. కొలిచిపెట్టిన నాకైనా తట్టలేదు.

మా బావ అమ్మవారి దగ్గరనుంచి వచ్చాడు. నుదుటినిండా కుంకుమ. వెనక పదిమంది.

“అయిదు బండ్లేందిరా, అయిదొందల బండ్లు పొయ్యి! ఇసక వద్దంటదా? సముద్రానికి ఉప్పు పోసినట్టే!”

అందరూ నవ్వారు. హజరత్తయ్య పెద్దకాపు వైపు చూశాడు. “ఇంకో తిరుగు తోలుకొస్తానయ్యా.”

“ఎప్పటికి వస్తావు?”

“రేపు పొద్దు నెత్తికొచ్చేటప్పటికి.”

“రేపు వలలుంటాయి. కట్టు కట్టే,” అన్నాడు పెద్దకాపు.

చెంచమ్మ నా దగ్గరికి వచ్చింది. “మూట కట్టుకో నాగులూ. పొద్దు గూకితే వల మాది. రేపటినుంచి నీ మొగుడు మా ఆయన వీపు ఎక్కితే నువ్వు మాకు అడిగినంత పని చెయ్యాల. చెయ్యలేనంటే మీ అన్నకు కబురు పెట్టు. వచ్చి నిన్ను తోలుకపోతాడు.”

నేను లోపలికి పోయాను. ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. చూసుకుంటే దండెం మీది నా చీర తీసి మడుస్తున్నాను. ఒక్కటే చీర. ఆయన పంచె పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. చీర మళ్ళీ దండెం మీద పడేసి, గోడకు ఆనుకొని నిలబడ్డాను.

“నాగులూ!” అని ఆయన గుమ్మంలోనుంచి కేక పెట్టాడు. “అటకెక్కి వల దించు.”

ఓడిపోయినట్టు ఒప్పుకుంటున్నాడనుకున్నాను. ఏడుస్తూనే ఎక్కి దించాను. బరువుకు ఒంగిపోయి బయటికి తెస్తుంటే మా బావ రెండు చేతులూ చాపి ఎదురొచ్చాడు. అటు తిరిగి కాదు, మొదటిసారి ఇటు తిరిగి.

“చెయ్యి తియ్యన్నా,” అన్నాడు మా ఆయన. “పొద్దింకా గూకలేదు.”

“చాలలేదు గదా?”

“మూడు బండ్లుండాయి. చాలలేదని ఎవురు చెప్పినారు?” అని నా వైపు తిరిగాడు. “దాన్ని ఈ గరుసు కొసనుంచి రోడ్డుదాకా పొడుగునా పరుచు. రెండు మూరల వెడల్పుకు మడతలు పెట్టు. గరుసు దాని మీద పొయ్యండి. సన్నకన్ను, రాయి దిగదు.”

వలను పూడ్చడమన్నది మా పల్లెలో ఎవరూ విని ఉండరు. అందులోనూ గంగమ్మ కొలుపు నాడు.

“వలను మట్టిలో పెడతావా!” అని అరిచింది చెంచమ్మ. “నువ్వు చేపలు పట్టే పట్టపోడివేనా? నీ నోట మన్ను పడ!”

మా బావ వచ్చి నా చేతిలోనుంచి వల లాక్కున్నాడు. ఒక కొస మా ఆయనకు అందింది. వదల్లేదు. మా బావ లాగాడు. మా ఆయన గుమ్మం మీదనుంచి బోర్లా పడి, వలతోపాటు ఇసుకలో ఈడ్చుకుంటూ పోయాడు. చచ్చిన కాళ్ళు వెనక రెండు చాళ్ళు గీశాయి. ఎక్కడో నూలు పటపటా తెగింది. ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. ఇద్దరూ ఆగిపోయారు.

“పోలేరయ్యా, వొదులు,” అన్నాడు పెద్దకాపు. “పొద్దు గూకిందాకా వల వాడిది. పూడ్చుకుంటాడో కాల్చుకుంటాడో వాడిష్టం.”

మా బావ వదిలేశాడు. తన చేతికి అంటిన తుమ్మచెక్క రంగును పంచెకు తుడుచుకున్నాడు.

నేను పరుస్తుంటే మా ఆయన పక్కనే మోచేతుల మీద పాకుతూ మడతలు సరిచేశాడు. ఒకచోట ఆగాడు. “ఈ ముడి నేను వేసింది కాదే.”

“ఎలక కొరికితే నేను వేసినా.”

“గట్టిగానే వేసినావు,” అని దాన్ని వేళ్ళతో ఒకసారి నులిమి, “పొయ్యి,” అన్నాడు హజరత్తయ్యతో. అతను పొయ్యకుండా నిలబడితే, తానే దోసిలితో ఎత్తి ఆ ముడి మీద పోశాడు.

మూడో బండి గరుసు పైనే నిలిచింది. దిమ్మిస దెబ్బలకు రాళ్ళు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి గాని కిందికి దిగలేదు. నాలుగు వేళ్ళ మందం మూడు వేళ్ళకు తగ్గించాం. అయిదో బండి అయిపోయేసరికి రోడ్డుకు ఇంకా ఒక మూర మిగిలింది. హజరత్తయ్య బండి పలకల సందుల్లో ఇరుక్కున్నదంతా చీపురుతో ఊడ్చి దులిపాడు. గుమ్మం ముందు పైకి తేలినదాన్ని నేను గోళ్ళతో గీరి తెచ్చాను. పొద్దు సరుగుడు తోపు వెనక్కి దిగుతుండగా ఆ మూర కూడా నిండింది.

మా ఆయన పలక ఎక్కాడు. మొకం మీద ఇసుక అట్లాగే ఉంది, తుడుచుకోలేదు. రెండు చేతులతో నేలను తోశాడు. చక్రాలు గరగరమన్నాయి. ఎవరూ దారి పొడుగునా పక్కకు జరగలేదు. వాళ్ళ కాళ్ళ మధ్యనుంచే రెండు మూరల దారిలో పోయాడు. రోడ్డెక్కాడు. పలకను తిప్పి మా వైపు చూశాడు.

“అన్నా! ఇక నీ వీపు నీదే. వల ఊసెత్తనన్నావు, గుర్తుండాదా?”

“ఏ వల?” అన్నాడు మా బావ.

మా ఆయన తాను దాటివచ్చిన గరుసు వైపు చూశాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే చెంచమ్మ పొయ్యి వేరు చేసింది. మా కుండలు రెండూ తెచ్చి గుమ్మం ముందు పెట్టి, “గరుసుకు అవతల మీది, ఇవతల మాది. మా నీళ్ళు తొక్కొద్దు, మా నిప్పు అడగొద్దు,” అంది. “అట్టనే అక్కా,” అన్నాను. అక్క అనడం అదే చివరిసారి. ఒక ఇంట్లోనుంచి ఎవరూ మూట కట్టుకొని పోకుండానే విడిపోవచ్చని నాకప్పుడు తెలిసింది.

మర్నాడు తెల్లవారుజామున గుమ్మం ముందు అలికిడి అయితే కుక్క అనుకొని తలుపు తీశాను. మా బావ. అటు తిరిగి గొంతుకూర్చుని, రెండు చేతులూ వెనక్కి చాపి ఉన్నాడు. నిద్రమత్తులో కాళ్ళే ఆయన్ను తెచ్చి ఉంటాయి. నేను పిలవలేదు. లోపల చాప మీద మా ఆయన తల ఎత్తి చూశాడు. ఆయనా పిలవలేదు. కాసేపటికి మా బావ అరికాళ్ళ కింద గరుసు గుచ్చుకున్నట్టుంది, కిందికి చూశాడు. చేతులు ముందుకు తెచ్చుకున్నాడు. లేచి, దారి దిగి, పక్కనున్న ఇసుకలో అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ గరుసు మీద కాలు పెట్టలేదు. దాటవలసి వస్తే ఎగిరి దాటేవాడు.